దడకు ముందు ఈసీజీ, ఆ తర్వాతే హార్మోను మాత్ర

నలభై అయిదు దాటిన ఆడవాళ్లు, అంతకు ముందే గర్భసంచి తీయించుకున్నవాళ్లు, వాళ్లతో ఒకే ఇంట్లో ఉంటున్న మగవాళ్లు ఈ మాట వాయిదా వేయకుండా చదవాలి. ముట్లు ఆగాక గుండె దడ మొదలైతే “ఆ వయసులో అంతే” అని తేల్చేయడం ఒక తప్పు. ఎవరికో రాసిచ్చిన హార్మోను మాత్ర పేరు చెప్పి మందుల షాపులో కొనుక్కుని మింగడం ఇంకో తప్పు. మొదటిది ఉన్న జబ్బును దాచిపెడుతుంది, రెండోది లేని జబ్బును తెచ్చిపెట్టగలదు. మన ఇళ్లలో ఈ రెండూ ఒకదాని వెనుక ఒకటి జరిగిపోతున్నాయి.

ఎలా జరుగుతాయో చూడండి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. మెడ, వీపు చెమటతో తడిసి ఉంటాయి. గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టు, మధ్యలో ఒకసారి ఆగి మళ్లీ గట్టిగా అందుకున్నట్టు ఉంటుంది. ఫ్యాను పెంచి మంచం మీద లేచి కూర్చుంటే కాసేపటికి సర్దుకుంటుంది. పొద్దున భర్తకు చెబితే “గ్యాస్ అయి ఉంటుంది, వాము నమిలి వేణ్ణీళ్లు తాగు” అంటాడు. డాలస్‌లో ఉన్న కొడుకు “టెన్షన్ పెట్టుకోకమ్మా” అంటాడు. తోడికోడలు ఒక్కతే నిజంగా సాయం చేయబోతుంది. “నాకూ ఇంతే అక్కా, దీంతో తగ్గింది” అంటూ తన టాబ్లెట్ షీటు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతుంది. ఆ ఫొటో చూపిస్తే చాలు, షాపతను నెలకు సరిపడా ఇచ్చేస్తాడు. ఈ మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆ షీటు మీదే అచ్చేసి ఉంటుంది, చదివేవాళ్లు లేరు. ఇంతమందిలో ఆవిడ మణికట్టు పట్టుకుని నాడి చూసినవాళ్లూ ఒక్కరు లేరు.

మెనోపాజ్ సమయంలో దడ రావడం నిజమే. అది భ్రమా కాదు, నాటకమూ కాదు. ఈస్ట్రోజెన్ తగ్గేకొద్దీ మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగం చిన్న మార్పుకే ఉలిక్కిపడుతుంది. చర్మంలోని రక్తనాళాలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి, ఆవిర్లు ముఖానికి తన్నుకొస్తాయి, చెమట పడుతుంది, ఆ కొద్ది నిమిషాలూ గుండె వేగం పెరుగుతుంది. ఇలా ఆవిర్లతో వచ్చి ఆవిర్లతోనే పోయే దడ చాలామందిలో ప్రమాదం లేనిదే. చిక్కల్లా ఏమిటంటే, ఈ నిజం చాటున వేరే జబ్బులు చాలా నక్కి ఉంటాయి.

అన్నిటికంటే మామూలుది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలను చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువని తేలింది. ముట్లు ఆగబోయే ముందు ఏడాది రెండేళ్లు విపరీతంగా రక్తస్రావమై, ఒంట్లో నిల్వలు అడుగంటి ఈ వయసులోకి వచ్చేవాళ్లు ఎందరో. మెట్లెక్కితే దడ వస్తోందంటే వాళ్లకు కావలసింది ఇనుము, హార్మోను కాదు. తర్వాతది థైరాయిడ్. గ్రంథి ఎక్కువ పనిచేసినా దడే, తక్కువని ఇచ్చిన మాత్ర మోతాదు మించినా దడే. మూడేళ్ల కిందట రాసిన చీటీతోనే ఇప్పటికీ అదే మాత్ర కొంటున్నవాళ్లు ఒకసారి టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకుంటే సగం సందేహం తీరిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి మరీ మోసపుచ్చేది. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకుని శనివారం ఒక్కపొద్దు ఉంటే మధ్యాహ్నానికి చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, దడ అన్నీ వస్తాయి. చూసేవాళ్లకు అచ్చం మెనోపాజ్ ఆవిరిలాగే ఉంటుంది. వేలిమీద చుక్క రక్తం తీసి మీటరులో చూస్తే తప్ప తేడా తెలియదు. బీపీకి ఇచ్చే నీరు తీసే మాత్రలు ఎండాకాలంలో ఒంట్లోని పొటాషియాన్ని లాగేస్తాయి, అప్పుడు గుండె లయ తప్పవచ్చు. జలుబు మాత్రలు, ఆయాసానికి పీల్చే మందు కూడా గుండెను పరిగెత్తిస్తాయి. రోజుకు ఆరు కప్పుల టీ గురించి వేరే చెప్పనక్కర్లేదు.

వీటన్నిటిలో భయపడవలసింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు. గుండె పై గదులు లయ లేకుండా గిలగిలా కొట్టుకుంటాయి, లోపల రక్తం నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ లయ తప్పిన గుండె పక్షవాతం ముప్పును దాదాపు అయిదు రెట్లు పెంచుతుంది. బీపీ, షుగర్, లావు ఉన్నవాళ్లలో ఇది వయసుతో పాటు పెరుగుతుంది. చిన్నప్పుడు కీళ్లవాపు జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్న ఆడవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు, వాళ్లలో మరీ ఎక్కువ. దీన్ని పట్టుకునేది ఈసీజీ. చవకైన పరీక్ష, అయిదు నిమిషాల పని. అది తీయకుండా “మెనోపాజ్ దడ” అని రాసే హక్కు ఏ డాక్టరుకూ లేదని నా అభిప్రాయం.

ఇక తెల్లారేదాకా ఆగకూడని సందర్భాలు. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోవడం, ఊపిరి అందకపోవడం, ఛాతీలో గానీ దవడలో గానీ రెండు భుజాల మధ్య వీపులో గానీ బిగపట్టినట్టు నొప్పి, చల్లటి చెమట, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం, ఒక్క కాలే వాచి నొప్పి పుట్టడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. కూర్చుని ఉండగానే గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకుంటూ పది నిమిషాలకీ తగ్గకపోయినా అంతే. ఆడవాళ్లకు గుండెపోటు సినిమాల్లో చూపించినట్టు గుండె పట్టుకుని పడిపోయేలాగే రావాలని లేదు. నీరసం, వాంతి వచ్చినట్టుండటం, వీపు లాగడం, ఆయాసం, ఇంతే ఉండవచ్చు. వాము నీళ్లతో పోయే గంట చాలా ఖరీదైన గంట. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు.

హార్మోను చికిత్స మాటకొస్తే, లోకం రెండుసార్లు రెండు వైపులా ఒరిగింది. 1990లలో ఈస్ట్రోజెన్ గుండెను కాపాడుతుందని గట్టిగా నమ్మారు. అప్పటికే గుండె జబ్బున్న స్త్రీల మీద హెర్స్ అనే పరిశోధన చేసి చూస్తే, ఆ రక్షణ లేదని, పైగా మొదటి ఏడాది గుండెపోట్లు పెరిగాయని 1998లో తేలింది. 2002లో అమెరికాలోని విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్, 16,608 మంది స్త్రీలతో నడుస్తున్న ఈస్ట్రోజెన్–ప్రొజెస్టిన్ పరీక్షను అర్ధాంతరంగా ఆపేసింది. పదివేల మంది ఏడాదిపాటు ఈ మాత్రలు వాడితే గుండె జబ్బు దెబ్బలు 7, పక్షవాతాలు 8, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు 8, రొమ్ము క్యాన్సర్లు 8 అదనంగా వచ్చాయి. తుంటి ఎముక విరగడాలు 5 తగ్గాయి. ఆ దెబ్బతో ప్రపంచమంతా మాత్రలు పారేశారు. అయితే ఆ స్త్రీల సగటు వయసు 63 అన్న సంగతి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. అరవై లోపు, ముట్లు ఆగి పదేళ్లు దాటకుండా మొదలుపెట్టినవాళ్ల లెక్క వేరుగా ఉందని తర్వాతి విశ్లేషణల్లో బయటపడింది. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీద పెద్ద పెట్టెకట్టి అచ్చువేసే హెచ్చరికల్లో చాలావాటిని తీసేస్తామని ప్రకటించింది. ఆ వార్త చూసి “ఇక భయం లేదట” అనుకోవడమే ఇప్పుడు కొత్త ప్రమాదం. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలిపొర క్యాన్సర్ వస్తుందన్న హెచ్చరికను ఆ సంస్థ కూడా తీయలేదు.

కాబట్టి హార్మోను విషం కాదు, గుండె మందూ కాదు. నిద్ర పట్టనివ్వని ఆవిర్లకు దాన్ని మించిన మందు లేదు. ఆవిర్లతో వచ్చే దడ, ఆవిర్లు తగ్గితే తగ్గవచ్చు. దడకు మాత్రమే, గుండెను కాపాడటానికి మాత్రమే దాన్ని వాడకూడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ కట్టినవాళ్లకు, కాలేయ జబ్బు ముదిరినవాళ్లకు, కారణం తెలియని రక్తస్రావం అవుతున్నవాళ్లకు మాత్రల రూపంలో ఇవి పనికిరావు. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ముందు దాని సంగతి తేల్చుకోవాలి. ఒంటికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్ కాలేయం గుండా పోదు కనుక గడ్డకట్టే ముప్పు మాత్రతో పోలిస్తే తక్కువ. బీపీ, లావు ఉన్నవాళ్లు డాక్టరును ఈ మాట అడిగి తీరాలి. మన దగ్గర టిబొలోన్ మాత్రలు కూడా రాస్తుంటారు. అరవై దాటినవాళ్లలో దాంతో పక్షవాతాలు పెరిగాయని పరీక్షనే ఆపేసి, ఫలితాలు 2008లో ప్రకటించారు.

థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది, సాధారణంగా ఎవరూ చెప్పరు. నోటితో వేసుకునే ఈస్ట్రోజెన్ రక్తంలోని థైరాయిడ్ హార్మోనును పట్టి ఉంచుతుంది, అందుకని థైరాయిడ్ మోతాదు పెంచవలసి రావచ్చు. ఆర్నెల్ల తర్వాత విసుగొచ్చి ఈస్ట్రోజెన్ మానేస్తే, పెంచిన మోతాదు ఒక్కసారిగా ఎక్కువైపోయి దడ మొదలవుతుంది. మొదలుపెట్టినా, మానినా 6 నుంచి 12 వారాల్లో టీఎస్‌హెచ్ చూసుకోవాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కథకు మరో ముఖం ఉంది, అది కోపం తెప్పించేది. 2015–16 సర్వేలో దేశం మొత్తం మీద 15–49 ఏళ్ల స్త్రీలలో 3.2 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట అయినా, కడుపునొప్పి అయినా “క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం” అన్న బెదిరింపు మన జిల్లాల్లో కొత్త కాదు. వీళ్లలో అండాశయాలు కూడా పోయినవాళ్లకు ముప్ఫై అయిదుకే మెనోపాజ్ వచ్చేస్తుంది, గుండె జబ్బు ముప్పు తొందరగా మొదలవుతుంది. విచిత్రమేమిటంటే, సహజంగా ముట్లు ఆగే వయసు వచ్చేదాకా హార్మోను ఇవ్వవలసింది సరిగ్గా వీళ్లకే, వద్దనడానికి వేరే కారణం ఉంటే తప్ప. అది మాత్రం ఎవరూ రాయరు. డెబ్భై నిమిషాల బస్సు ప్రయాణం చేసి రోజుకూలి పోగొట్టుకుని వచ్చిన మనిషికి ఒక నొప్పి మాత్ర, ఒక కాల్షియం మాత్ర చేతిలో పెట్టి పంపేస్తారు. అరవై దాటి బీపీ ఉన్న పట్నపు ఆవిడేమో వాట్సాప్ ఫొటోతో కొనుక్కుంటుంది. అవసరమైన చోట లేదు, అక్కర్లేని చోట ఉంది.

ముట్లు ఇంకా పూర్తిగా ఆగని నలభై ఎనిమిదేళ్ల ఆవిడ వ్రతానికో, తిరుమల ప్రయాణానికో నెలసరి వాయిదా మాత్రలు వేసుకోవడం మరో అలవాటు. ఎక్కువగా వాడేది నోరెథిస్టిరాన్. ఒంట్లో అది కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. బీపీ, లావు, ఇంతకు ముందు గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు అడగకుండా దాని జోలికి పోకూడదు. కూతురి పురుటికి అమెరికా వెళ్లే తల్లులూ వినాలి. హార్మోను మాత్ర వాడుతూ ఇరవై గంటలకు పైగా విమానాల్లో కదలకుండా కూర్చుంటే కాలిలో గడ్డ కట్టే ముప్పు పెరుగుతుంది. దిగిన వారంలో పిక్క వాచి, దడా ఆయాసమూ వస్తే అది జెట్ లాగ్ కాదు, అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఇన్సూరెన్స్ ఖర్చు గురించి పిల్లల దగ్గర మొహమాటపడే వేళ కాదది. “మూలికలే కదా” అనుకునేవాళ్లకు ఒక్క మాట: అతిమధురం ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో తీసుకుంటే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, దడ వస్తుంది.

ప్రభుత్వాలకూ పని ఉంది. ముప్ఫై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూసే కార్యక్రమం ఊళ్లలో నడుస్తూనే ఉంది. బీపీ పట్టీ కట్టే ఆ చేతినే అరనిమిషం పట్టుకుని నాడి సమంగా ఉందో లేదో చూడమని ఏఎన్ఎంలకు నేర్పితే అదనపు ఖర్చేమీ కాదు. ఔషధ తనిఖీ అధికారులు చీటీ లేని హార్మోను అమ్మకాల మీద ఒక్క నెల గట్టిగా కూర్చున్నా తేడా కనిపిస్తుంది.

ఇంట్లో ఈ రాత్రికి చేయగలిగింది ఇది. దడ వచ్చినప్పుడు కూర్చుని, బొటనవేలి వైపున్న మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నిమిషంపాటు లెక్కపెట్టండి. ఎంత వచ్చింది, సమంగా ఉందా గతి తప్పిందా, టక్కున మొదలైందా మెల్లగా పెరిగిందా, ఆవిర్లు ఉన్నాయా, ఏం తిన్నారు, ఏ మాత్ర వేసుకున్నారు, అన్నీ తేదీతో కాగితం మీద రాయండి. చేతి గడియారం చూపించే అంకె రాసుకోండి గానీ, అది బాగుందంటే గుండెపోటు లేదని అర్థం కాదు. దడ ఉన్నప్పుడే దగ్గర్లో ఈసీజీ తీయించగలిగితే ఆ కాగితం బంగారం. తగ్గాక తీసింది మామూలుగా ఉండి దడ మళ్లీ మళ్లీ వస్తుంటే, 24 గంటలు ఒంటికి తగిలించే హోల్టర్ పరీక్ష ఉందా అని అడగండి. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, చక్కెర, పొటాషియం పరీక్షల రిపోర్టులు, వాడుతున్న ప్రతి మందు షీటూ, చూర్ణాల డబ్బాలతో సహా ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. గైనకాలజిస్టు రాసింది గుండె డాక్టరుకు, గుండె డాక్టరు రాసింది గైనకాలజిస్టుకు చూపించండి. ఇప్పటికే డాక్టరు రాసిన హార్మోను వాడుతున్నవాళ్లు ఇది చదివి భయపడి సొంతంగా మానేయవద్దు. ఈ వారంలోనే వెళ్లి ఎందుకు ఇచ్చారు, ఎంతకాలం, ఏ రూపంలో అని అడగండి. తోడికోడలి ఫొటో చూసి కొన్నవాళ్లు మాత్రం రేపటి మాత్ర వేసుకోకుండా ఆ షీటు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.