గేటు లోపలి బండికి రూల్ లేకపోతే దెబ్బ తగిలేది మనోళ్ళకే



ఈసారి స్కాలర్‌షిప్ గురించో, మెస్ బిల్లుల గురించో రాయడం లేదు. క్యాంపస్ లోపల తిరిగే బండ్ల గురించి రాస్తున్నా. బ్యాటరీ బండి, ట్రాలీ ఆటో, టాటా ఏస్, నీళ్ళ ట్యాంకర్, చెత్త ట్రాక్టర్. ఇది కూడా ఒక సమస్యేనా అని కొందరికి అనిపించొచ్చు. ఆ బండ్లు నడిపేది ఎవరు, వెనక తొట్టిలో కూర్చొని పోయేది ఎవరు అని ఒకసారి ఆలోచించండి. కాంట్రాక్టు డ్రైవర్లు, తోటమాలీలు, స్వీపర్లు, బిల్డింగ్ పనికొచ్చే కూలీలు. మన కడప, కర్నూలు వైపు ఈ పనుల్లో సుగాలి తండాల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి వచ్చినోళ్ళు తక్కువేం కాదు. అదే క్యాంపస్‌లో వాళ్ళ పిల్లలం మనం చదువుతున్నాం. అందుకే ఇది మన విషయం.

కడపలో యోగి వేమన యూనివర్సిటీ 2006లో వచ్చింది. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. ఇట్లాంటి పెద్ద క్యాంపస్‌లలో హాస్టల్ నుంచి క్లాసుకు, క్లాసు నుంచి మెస్సుకు నడిచే దూరాలు మామూలుగా ఉండవు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో పక్కన ఏ బండి పోతా ఉన్నా "అన్నా, ఆపన్నా" అంటాం. ఆయన ఆపుతాడు. నలుగురి సీట్లో ఏడుగురం ఎక్కుతాం. ఇద్దరు వెనక కడ్డీ పట్టుకొని వేలాడతారు. "మెల్లగా పోయే బండే కదా, ఏమవుతాదిలే" అంటాం.

ఏమవుతుందో లెక్క చూద్దాం. బ్యాటరీ బండి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతే సెకనుకు అయిదున్నర మీటర్లు పోతున్నట్టు. ఎదురుగా ఎవరో అడ్డం వచ్చినట్టు చూసి, డ్రైవర్ కాలు బ్రేకు మీదికి పోయేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకోండి. బ్రేకు పడకముందే బండి 8 మీటర్లు పోయి ఉంటుంది. బండి, బ్యాటరీలు, ఆరుగురు మనుషులు కలిస్తే బరువు టన్నుకు దగ్గరవుతుంది. దీనికి తలుపులు లేవు, చాలా బండ్లకు సీటు బెల్టులూ లేవు. చాలా మోడళ్ళకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. దిగుడులో గట్టిగా బ్రేకు కొడితే వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. మలుపులో గబుక్కున తిప్పితే బయటి వైపు కూర్చున్నోళ్ళు జారి రోడ్డు మీద పడతారు. వెనక్కి చూస్తూ కూర్చునే సీటు ఇంకా ప్రమాదం. బండి ఒక్కసారిగా ముందుకు దూకితే వాళ్ళు ముందుకు తూలి కిందికే పోతారు. తల రోడ్డుకు తగలడానికి బండి 60 మీద పోవాల్సిన పని లేదు.

ఇంకో సంగతి. ఈ బండికి చప్పుడు ఉండదు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని నడిచేటోడికి వెనక వస్తున్నది తెలియదు. కళ్ళు కనపడని విద్యార్థికైతే చప్పుడే దారి చూపేది. యూరప్‌లో 2019 జులై నుంచి కొత్త మోడల్ ఎలక్ట్రిక్ కార్లు తక్కువ వేగంలో పోయేటప్పుడు కావాలనే ఒక శబ్దం చేయాలని రూల్ పెట్టారు. అమెరికాలో 1998లోనే గోల్ఫ్ కార్ట్ కంటే కాస్త వేగంగా, అంటే గంటకు 32 నుంచి 40 కిలోమీటర్లు పోగలిగే చిన్న బండ్లకు సీటు బెల్టులు, లైట్లు, అద్దాలు తప్పనిసరి చేశారు. చిన్న బండి కదా అని వాళ్ళు తేలిగ్గా వదిలేయలేదు.

మరి మన చట్టం ఏమంటుంది? ఇక్కడే అసలు చిక్కు ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అంటే ఏమిటో సెక్షన్ 2(28) చెబుతుంది. ఫ్యాక్టరీలోనో, మరేదైనా మూసి ఉన్న ఆవరణలోనో మాత్రమే వాడటానికి ప్రత్యేకంగా తయారైన బండిని ఆ నిర్వచనం నుంచి తీసేశారు. గేటు దాటి బయటికి రాని బ్యాటరీ బండికి రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, నడిపేవాడికి లైసెన్స్ అక్కర్లేదు అని యాజమాన్యం వాదించడానికి దారి ఇక్కడే ఉంది. మన రాష్ట్రం కేసే ఒకటి ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం లోపలి యార్డులో మాత్రమే తిరిగిన వాహనాల మీద మోటారు వాహన పన్ను వేయకూడదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. ఆ యార్డు పబ్లిక్ ప్లేస్ కాదన్నది కారణం. ఆ తీర్పు పన్ను వరకే. అయినా గేటు లోపల ఒక లెక్క, గేటు బయట ఒక లెక్క అని మనకు అర్థం కావాలి. బయట రోడ్డు మీద దెబ్బ తగిలితే పోలీసు, ఇన్సూరెన్స్, ట్రిబ్యునల్ అని ఒక దారి ఉంది. లోపల దెబ్బ తగిలితే ఆ దారి అంత సులువుగా తెరుచుకోదు.

ట్రాక్టర్, టాటా ఏస్, ట్యాంకర్ల సంగతి వేరు. అవి మోటారు వాహనాలే. వాటికి ఇన్సూరెన్స్ ఉంటుంది, కానీ తొట్టిలో ఎక్కినోళ్ళకు అది వర్తిస్తుందనుకుంటే పొరపాటు. సరుకుల బండిలో ఊరికే ఎక్కి పోయేవాళ్ళకు ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిరపకాయల కోతకు, వేరుశనగ పీకడానికి ట్రాక్టర్ ట్రక్కులో కూలికి పోయే మన అమ్మానాన్నలకు కూడా ఇది తెలియాలి. ఇంట్లో చెప్పండి.

పనిచేసేవాళ్ళ నష్టపరిహారానికి కూడా చట్టం ఉంది. 2025 వరకు అది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా ఉండేది. పని మీద ఉండగా దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలి. "వాడు కాంట్రాక్టర్ మనిషి, మాకు సంబంధం లేదు" అని ఆఫీసు చేతులు దులుపుకోవడానికి లేదు. కాంట్రాక్టర్ ద్వారా తన పని చేయించుకున్న సంస్థ నుంచి కూడా పరిహారం అడగొచ్చని చట్టం చెబుతుంది. ఆ తర్వాత ఆ డబ్బు కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవడం సంస్థ తలనొప్పి.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతా. చట్టం గేటు దగ్గర తడబడుతోంది కాబట్టి గేటు లోపలి రూల్ యూనివర్సిటీయే కాగితం మీద రాయాలి. ఆ రూల్ రాయించే పనిలో మన విద్యార్థి సంఘాలు ముందుండాలి.

దీనికి కొందరు అన్నలు ఒక మాట అంటారు. "రూల్స్ పెడితే మళ్ళీ ఆ పేద డ్రైవర్ మీదే కదా పడేది? ఫైన్ అంటారు, మెమో అంటారు, పనిలో నుంచి తీసేస్తారు." ఈ భయంలో నిజం ఉంది. కానీ రూల్ లేనప్పుడు ఏం జరుగుతుందో చూడండి. పదిమంది విద్యార్థులు మీద పడి ఎక్కుతుంటే "వద్దు బాబూ" అని తండా నుంచి వచ్చిన కాంట్రాక్టు డ్రైవర్ గట్టిగా అనగలడా? "లేటవుతోంది, వేగంగా పోనీ" అని ముందు సీట్లో సారు అంటే కాదనగలడా? సిమెంటు మూటల మీద కూలీలను కూర్చోబెట్టుకొని పొమ్మని మేస్త్రీ చెబితే బండి ఆపగలడా? అందరి మాటా వినాలి, ఏదైనా జరిగితే మాత్రం "డ్రైవర్ నిర్లక్ష్యం" అని రాస్తారు. అదే కాగితం మీద రూల్ ఉండి, బండి మీద "ఆరుగురు మాత్రమే" అని రాసి ఉంటే ఆయన వేలు చూపించి చెప్పగలడు. "నేను కాదు సార్, రూల్ అట్లుంది" అని. అధికారం లేనోడికి రాసి ఉన్న రూలే అండ. నోటి మాట మీద నడిచే చోట ఎప్పుడూ పెద్దోళ్ళ మాటే చెల్లుతుంది.

మనం అడగాల్సినవి ఇవి:

1. బండి ఎవరు నడపాలో పేర్లతో జాబితా ఉండాలి. చట్టం అడగకపోయినా లైసెన్స్ ఉన్నోళ్ళకే ఇవ్వాలి. ఫుల్ లోడుతో మలుపు, దిగుడు, రివర్స్ నేర్పించాకే తాళం చేతికివ్వాలి. నేర్చుకునే రోజులకు కూడా కూలి కట్టివ్వాలి.

2. వేగం 15 దాటకూడదు. హాస్టల్, మెస్, లైబ్రరీ దగ్గర 10 చాలు. ఎలక్ట్రిక్ బండి కంట్రోలర్‌లోనే వేగం కట్టడి చేయొచ్చు, కాబట్టి డ్రైవర్ మీద నెట్టాల్సిన పని లేదు.

3. ఎన్ని సీట్లో అంతమందే. సామాను బండి తొట్టిలో మనుషులు వద్దు. పనోళ్ళను తీసుకుపోవాలంటే సీట్లున్న బండి పెట్టాలి.

4. పొద్దున బండి తీసేముందు బ్రేకు, టైర్లు, హారన్, లైట్లు, రివర్స్ బీప్ చూసి పుస్తకంలో రాయాలి. బ్రేకు సరిగా లేదని డ్రైవర్ రాస్తే, బాగు చేసేదాకా బండి కదలకూడదు. ఆ రోజు కూలి మాత్రం కోయకూడదు.

5. లెడ్ యాసిడ్ బ్యాటరీలు చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి. గాలి ఆడని గదిలో, హాస్టల్ మెట్ల కింద చార్జింగ్ పెట్టకూడదు. మన ఎండకు బ్యాటరీ నీళ్ళు తొందరగా తగ్గుతాయి. డిస్టిల్డ్ వాటర్ పోసే మనిషికి గ్లౌజులు, కళ్ళద్దాలు ఇవ్వాలి.

6. బ్యాటరీ బండికి, అందులో ఎక్కేవాళ్ళకు, నడిపేవాళ్ళకు యూనివర్సిటీ ఇన్సూరెన్స్ చేయించాలి. ఆ కాగితం నోటీసు బోర్డులో పెట్టాలి.

7. ముందు సీటు వికలాంగ విద్యార్థులకు, గర్భిణులకు, జబ్బు పడినోళ్ళకు. గెస్టులు తర్వాత.

మన వైపు నుంచి చేయాల్సినవీ ఉన్నాయి. "ఒక్క రౌండ్ అన్నా" అని తాళం అడగొద్దు. ట్రిపుల్ ఐటీలో పదో తరగతి కాగానే చేరతారు, అంటే చాలామంది తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పద్దెనిమిదేళ్ళు కూడా నిండవు. వాళ్ళ చేతికి బండి ఇచ్చి ఏదైనా జరిగితే మొదట ఉద్యోగం పోయేది ఆ డ్రైవర్ అన్నకే. చెల్లెళ్ళూ, చున్నీ చక్రం వైపు వేలాడకుండా ముడి వేసుకోండి. కాళ్ళు బయట పెట్టొద్దు. కదిలే బండి మీద రీల్స్ వద్దు. వానొచ్చిన రోజు కడప బండలు పరిచిన చోట జారుతుంది, అక్కడ తొందరపెట్టొద్దు.

ఇంకో మాట చెప్పి ముగిస్తా. ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరంలో మొదలైంది, సొంత క్యాంపస్‌కు 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. తెలంగాణలో ములుగు దగ్గర సమ్మక్క సారక్క పేరుతో గిరిజన యూనివర్సిటీ వచ్చింది. పేరులోనే గిరిజన అని ఉన్న క్యాంపస్‌లు ఇవి. అక్కడ బండి నడిపేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, రోడ్డు పక్కన నడిచేవాళ్ళు చాలామంది మనోళ్ళే అవుతారు. బండ్లు కొనే టెండర్‌తో పాటే రూల్స్ కాగితం కూడా రావాలని ఇప్పుడే అడుగుదాం. ఒకరు పడిపోయాక ధర్నా చేయడం మనకు అలవాటే. ఈసారి ఎవరూ పడకముందే రిజిస్ట్రార్‌కు ఒక అర్జీ ఇద్దాం. పైన రాసిన ఏడు పాయింట్లు యథాతథంగా వాడుకోండి, నా పేరు పెట్టాల్సిన పని లేదు. డ్రైవర్ అన్నలతో, స్వీపర్ అక్కలతో కూర్చొని మాట్లాడి, వాళ్ళు చెప్పింది కూడా చేర్చి, వాళ్ళ సంతకాలు వద్దనుకుంటే మన సంతకాలతో ఇవ్వండి.

జై సేవాలాల్. జై ఏకలవ్య. జై భీమ్.