నవలలోని అనుమానము, తెరమీది భయము



యండమూరి వీరేంద్రనాథ్ వ్రాసిన ‘తులసిదళం’ నవలను గూర్చి, దాని వెంట వచ్చిన సినిమాలను గూర్చి ఈ నెల మాట్లాడుకుందాము. సంఘ పత్రికలో చేతబడి నవల సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చును. ఎందుకో చివరి వరకు చదివితే మీకే తెలియును.

ఆ నవలను మేము ఇష్టపడి చదివాము. 1980ల తొలి సంవత్సరాలలో అది ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే, తరువాయి భాగము కొరకు వారము వారము ఎదురుచూసిన ఇండ్లు ఎన్నో. జగిత్యాల, కోరుట్ల వైపు అరుగుల మీద బీడీలు చుట్టుకుంటూ ఒకరు చదువుతుంటే నలుగురు విన్నారు. సిరిసిల్లలో సాంచాల మీద పని దిగి వచ్చినవారు కూడ దానిని చేతులు మార్చుకొని చదివారు. తులసి అనే చిన్నపిల్ల జబ్బుపడుతుంది. దాని వెనుక డబ్బు ఆశ ఉంటుంది, క్షుద్రమాంత్రికుడు ఉంటాడు. బిడ్డ కొరకు తల్లిదండ్రులు పడే యాతన చదువుతుంటే కన్నవారెవరికైనా గుండె బరువెక్కుతుంది.

మేము ఆ నవలను మెచ్చుకొనుటకు కారణము భయము మాత్రమే కాదు. చార్టర్డ్ అకౌంటెంట్‌గా లెక్కలు చూచిన ఆ రచయిత, కథలో రెండు దారులు వేశారు. ఒక దారిలో మంత్రగాళ్ళు, రెండవ దారిలో డాక్టర్లు. ఆ బిడ్డను పీడించినది ఏది, బ్రతికించినది ఏది అన్న ప్రశ్నను పాఠకునికే విడిచిపెట్టారు. ఆ అనుమానమే నవలకు ప్రాణము. అయినను అందరూ మెచ్చుకొనలేదు. రచయిత్రి రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని విమర్శ గ్రంథమే వ్రాశారు. మూఢనమ్మకమును పెంచుచున్నదన్న ఆ కోపములో న్యాయము లేకపోలేదు.

తరువాత సినిమాలు వచ్చాయి. 1985లో కన్నడములో ‘తులసీదళ’ వచ్చింది. రెండవ భాగమైన ‘తులసి’ నవల ఆధారముగా 1986లో తెలుగులో ‘కాష్మోరా’ వచ్చింది. రాజేంద్రప్రసాద్, భానుప్రియ, శరత్‌బాబు అందులో నటించారు. మనసులో ఊహించుకున్న మనుషులు తెరమీద నడుస్తుంటే ఏ అభిమానికైనా సంతోషమే. కాని ఆ సంతోషము వెంట ఒక వెలితి కూడ మాలో మిగిలినది. పుస్తకము చదివేవాడు పేజీ మీద వేలు పెట్టి, ఆగి, ‘ఇది నిజమేనా?’ అని ఆలోచించుకోగలడు. సినిమా ఆగదు. ‘కావచ్చు, కాకపోవచ్చు’ అనే మాట తెరకు చెప్పరాదు. చూపించినది జరిగినట్లే ఉంటుంది. దయ్యమును కంటికి చూపిన తరువాత, పక్కన డాక్టరు ఎంత చెప్పినా పిల్లవాడు దయ్యమునే ఇంటికి తెచ్చుకుంటాడు.

ఈ తేడా చదువరుల ముచ్చట మాత్రమే అయితే మేము వ్రాసే పని లేదు. కాని మనము ఉన్నది ఎక్కడ? చేతబడి, బాణామతి అన్న మాటకు మనుషులు బలి అయిన ప్రాంతములో. మంత్రాలు చేస్తున్నారన్న నిందతో పళ్ళు పీకిన సంగతులు, చెట్టుకు కట్టి కొట్టిన సంగతులు మన పెద్దలు ఎరుగుదురు. పాత కరీంనగర్ జిల్లా 2016లో విడిపోయి జగిత్యాల, సిరిసిల్ల వేరు జిల్లాలైనా ఆ భయము మాత్రము పోలేదు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణములోనే, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానముతో ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కుమారులను ఒక్క పూటలో పొడిచి చంపారు. దీనికి ఒక నవలో, ఒక సినిమానో కారణమని మేము అనము. ఈ భయము వాటికంటె పాతది. అయితే ఆ భయమునకు ఒక రూపము, ఒక పేరు ఇచ్చుటలో సినిమాకు బలము ఎక్కువ. మంట ఉన్న ఇంట నూనె జాగ్రత్తగా వాడాలి కదా!

ఎఫెసు పట్టణపు సంగతి అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఉన్నది. మాంత్రిక విద్య విడిచినవారు తమ పుస్తకములను తామే తెచ్చి కాల్చివేశారు. వాటి వెల యాబది వేల వెండి రూకలు. వారు కాల్చినది తమ పుస్తకములను. పొరుగువాని ఇంటిని కాదు, పొరుగువానిని అసలే కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఎవరినీ వేలెత్తి చూపలేదు, అతనిని స్వస్థపరచెను. ‘ఎవరు చేశారు?’ అన్న ప్రశ్న మనిషిని చంపుతుంది. ‘ఏమి చేస్తే తగ్గుతుంది?’ అన్న ప్రశ్న బ్రతికిస్తుంది.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఇదే. పెద్ద పిల్లలు నవల చదివితే కోప్పడి లాక్కొనకండి. మీరును చదివి, ఆ రెండు దారులను గూర్చి వారితో మాట్లాడండి. సినిమాను మాత్రము చిన్నపిల్లలకు చూపించకండి. ఇంట ఎవరికైనా ఫిట్స్ వస్తే తాయెత్తు కొరకు తిరుగక దవాఖానకు తీసుకొనిపోండి. సరిగా గుర్తించి మందులు వాడితే మూర్ఛ రోగులలో నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండ బ్రతుకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మీ వాడలో ఒక ముసలమ్మను గాని, ఒంటరివానిని గాని మంత్రగాడని గుసగుసలాడుట వింటే, ఊరుకొనకండి. ఆ మాట అక్కడనే ఆపండి. గుంపు కూడుచున్నదని తెలిస్తే 112కు ఫోను చేయండి. ఆ సాయంకాలము ఆ ఇంటికి పోయి, వారి గడపలో కూర్చుండి, వారి చేతి నీళ్ళు త్రాగండి. వాడవారు అది చూస్తారు.

మీ ఇండ్లలో సమాధానము నిలుచును గాక.