పెద్దలకు చేయూత

అనకాపల్లి జిల్లాలో రావికమతము ఒక మండల కేంద్రము. కల్యాణపులోవ జలాశయము ఆ మండలములోనిదే. అచ్చటి కొండలలో చిన్న చిన్న గిరిజన గ్రామములు కలవు. సరియైన బాటలేని గ్రామములనుండి ఇటీవలి కాలమున సైతము రోగులను డోలీలో మోసికొని దింపవలసి వచ్చినది. అట్టి చోట, నడువలేని ముదుసలి చెంతకు వైద్యుని మాటయే నడచివచ్చిన ఎంత మేలు!

ఆ మేలు కొంతవరకు సిద్ధించినది. 2019 నవంబరులో భారత ప్రభుత్వము ‘ఈ-సంజీవని’ అను దూరవైద్య సేవను ప్రారంభించినది. రోగి గ్రామములోని ఆరోగ్య కేంద్రమునకు వెళ్ళినచో, అచ్చటి ఆరోగ్య కార్యకర్త రక్తపుపోటు మున్నగునవి చూచి, దూరమందున్న వైద్యునితో తెరమీద మాటలాడించును. 2023 ఫిబ్రవరి నాటికి దేశమున పదికోట్ల సంప్రదింపులు జరుగగా, అందు మూడు కోట్లకు పైగా ఆంధ్రప్రదేశముననే జరిగినవి. సేవ పొందినవారిలో వృద్ధులు నూటికి సుమారు 12 మంది. జనసంఖ్యలో వారి వంతుకంటె ఇది కొంచెము ఎక్కువయే. కాని రోగబాధ వృద్ధులకే అధికము గదా! ఆ లెక్కన ఇది చాలదు.

ఆరోగ్య కేంద్రములో ప్రక్కన ఒక మనిషి కూర్చుండి సాయపడును. ఇంటిలోనో? “ముసలివారికి ఫోను చిక్కులేల? పడుచువారు చేసిపెట్టిన చాలును” అని కొందఱందురు. ఈ మాట దయతో చెప్పినదే. అయినను నేను దీని నంగీకరింపజాలను.

2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటను ప్రారంభమైనది. అందు చేరినవారికి 14 అంకెల ‘ఆభా’ సంఖ్య లభించును. దానితో ముడివడిన వైద్యపత్రములను రోగి సమ్మతి లేక ఇతరులు చూడరాదని నియమము. చక్కని నియమమే. కాని మామ్మకు రావలసిన ఓటీపీ మనుమని ఫోనుకు వచ్చుచుండిన, ఆ సమ్మతి ఎవరిది? ఆమె చెప్పుకొన సంకోచించు వ్యాధి సంగతి ఇంటిల్లిపాదికిని తెలియవచ్చును. మనుమడు పనికై పట్టణమునకు పోయిననాడు ఫోనుతోపాటు మామ్మ వైద్యమును పోవును.

కావున పెద్దలకు నేర్పవలెను. నేర్వలేనివారికి వేఱొక ద్వారమును తెఱచియుంచవలెను. 2021 మార్చి 1న 60 ఏండ్లు నిండినవారికి కరోనా టీకాలు మొదలైనపుడు, కోవిన్‌లో ముందుగా నమోదు కానివారు నేరుగా కేంద్రమునకు వచ్చి నమోదు చేసికొనుటకును వీలు కల్పించిరి. అదియే న్యాయమార్గము. ఫోను లేదన్న కారణమున ఏ ముదుసలిని గడపనుండి త్రిప్పి పంపరాదు.

విద్యార్థులారా! ఫోను మీకు సులభముగా పట్టువడినది. మీ తాతగారు ఒకే సంగతిని పదిమారులడిగిన విసుగుకొనకుడు. అక్షరములు పెద్దవిగా కనబడునట్లు అమర్చి ఇండు. ఓటీపీని అపరిచితులకు చెప్పరాదని బోధింపుడు. మందుల విషయమున ఫోనులో వచ్చు ప్రతి సలహాను నమ్మక, వైద్యుని అడుగుమని చెప్పుడు. అన్నిటికంటె ముఖ్యము, ఫోను వారి చేతిలోనే ఉండనిండు. మీరు ప్రక్కన కూర్చుండుడు. ఒకనాడు మీ చేయి పట్టుకొని పలకమీద ‘అ, ఆ’లు దిద్దించినవారు, పలకను మాత్రము మీ చేతిలోనే ఉంచిరి.