భీమునిపట్నంలో ఒక పూట

2022 జూన్ నెలలో చెన్నై నుండి విశాఖపట్నానికి విహారనౌక నడవడం మొదలైనప్పుడు, ఇంటివాళ్ళ పోరు పడలేక మేమూ బయలుదేరినాము. రాజపాళయంలో పుట్టి పెరిగినవారికి కొండ కొత్త కాదు గాని, సముద్రం ఎప్పుడూ పండుగే. తిరుచెందూరు దాకా పోతేనే గాని అల కంటబడదు గదా! పొదిగై బండిలో చెన్నై చేరి ఓడ ఎక్కినాము. ఓడలోని భోజనాల సంగతి ఇక్కడ వ్రాయము. ఊళ్ళో ఈపాటికి అందరూ వినే ఉంటారు.

ప్రొద్దున విశాఖ రేవులో దించి, సాయంకాలానికి తిరిగి రమ్మన్నారు. తోటివారు కైలాసగిరి వైపు పోయినారు. మేము కారు మాట్లాడుకొని భీమునిపట్నం పోయినాము. అక్కడివారు భీమిలి అంటారు. పాతిక ముప్పై కిలోమీటర్ల దారి. కుడిచేతివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. నడుమ ఎర్రమట్టి దిబ్బల దగ్గర కాసేపు ఆగినాము. గాలి పోగుచేసిన ఇసుకను వాన కోసి కోసి గోడలుగా నిలబెట్టింది. ఆ ఎరుపు మాత్రం మా ఫోటోలో సగమే పడింది.

భీమిలిలో డచ్చివారు పదిహేడో శతాబ్దంలో వర్తకం పెట్టుకొన్నారు. వారి సమాధులు తీరానికి దగ్గరలోనే ఉన్నవి. కొన్ని కోసుగా పైకి లేచినవి, కొన్ని చెక్కడపు పలకలు. మన తూత్తుకుడి కూడా ఒకప్పుడు వీరిదేనన్న సంగతి అక్కడ జ్ఞాపకం వచ్చింది. 1658లో పోర్చుగీసువారి దగ్గర పట్టుకొని, 1825లో ఇంగ్లీషువారికి అప్పగించినారు. భీమిలినీ ఆ 1825లోనే వదులుకొన్నారు. మనకు దగ్గరి రేవూ, మన భాషవారి రేవూ ఒకే ఏట ఒకే చేయి మారినవి!

ఈ రేవునుండి ఎగుమతి అయిన గోగునారకు పరదేశపు వర్తకులు భీమిలి పేరే పెట్టుకొన్నారు. గోగు అంటే మరేమీ కాదు, మన సంతలో పుళిచ్చకీరై అని అడిగి తెచ్చి, ఇంటికి రాగానే గోంగూర అని పిలుచుకొనే ఆకు జాతిదే.

ఫోటోలు తీయబోయేవారికి ఒక మాట. మధ్యాహ్నపు సముద్రాన్ని వెనుక పెట్టుకొని మనిషిని నిలబెడితే ముఖం బొగ్గవుతుంది. మేము మొదట తీసినవన్నీ అటువంటివే. తరువాత ఎండను మా వీపుకు తెచ్చుకొని, ఒడ్డున పడవలను, ఆరేసిన వలలను తీసినాము. ఎండుచేపలు అమ్మే ఒక ముసలమ్మను అడిగి తీయబోతే, ఆమె మా మాట విని, “ఏటి బాబూ, అరవోళ్ళా?” అన్నది. “కాదమ్మా, తెలుగువాళ్ళమే” అన్నాము. ఆమె నమ్మినట్లు లేదు. తరతరాలుగా ఇంట్లో కాపాడుకొన్న భాష అది. కాస్త మనసు చివుక్కుమన్నది.

మా మనుమరాలు మాత్రం సముద్రం వైపు చూడనే లేదు. ఫోను పట్టుకొని బజారంతా తిరిగి దుకాణాల బోర్డులు, గోడమీది ప్రకటనలు, బస్సు పలకలు తీసింది. ఇంత దూరం వచ్చి ఇదేమి పిచ్చి అని విసుక్కొన్నాము. “తాతా, మన ఇంట్లో మాట్లాడేదంతా ఇక్కడ గోడలమీద వ్రాసి ఉంది. నాకు ఒక్కటీ చదవడం రాదు” అన్నది.

మాకు జవాబు తోచలేదు. పిల్లకు మాట నేర్పినాము గాని అక్షరం నేర్పలేదు. బడిలో తెలుగు లేదని చెప్పుకోవచ్చు, నిజమే. అయితే ఈ పత్రిక నెలనెలా మా ఇంటికి వస్తున్నది. చదువుకొని అటకమీద పెట్టినామే గాని, పిల్లను ప్రక్కన కూర్చోబెట్టుకొన్న రోజు లేదు.

ఆ రాత్రి ఓడ పైతట్టున గాలికి కూర్చొని, ఆమె తీసిన ఫోటోలు ఒక్కొక్కటి తెరచి, “ఇదేమిటి? ఇదేమిటి?” అని అడిగింది. మేము చదివినాము. ఒకచోట ఆపి, “ఇందాకటి బోర్డులో ఉన్న అక్షరమే కదా ఇది?” అన్నది. అవును, అది ‘అ’. బోర్డు, “ఇల్లు అద్దెకు ఇవ్వబడును.” విశాఖ దీపాలు కనుమరుగయ్యేదాకా ఆ ఒక్క బోర్డే వేలు పెట్టి చదివించుకొన్నది.