అతుకు కనిపిస్తే తప్పేముంది?

ఇంట్లో ఏదో చేజారి పగిలిన చప్పుడు వినిపించిందనుకోండి. వంటింట్లోంచే మనం వేసే మొదటి కేక "ఎవరది?" అని. ఏం పగిలింది, ఎలా పగిలింది అన్న ప్రశ్నలు తర్వాత. ముందు దోషి దొరకాలి. దొరికాక నాలుగు చీవాట్లు. ఆ తర్వాత మనకు తెలిసిన దారులు మూడే. "తీసి అవతల పారెయ్" అంటాం. లేకపోతే "ఏడవకు, కొత్తది కొంటాలే" అంటాం. అదీ కాకపోతే "ఇటివ్వు, నీకు చేతకాదు" అని లాక్కుని మనమే అతికించేస్తాం.

నాలుగో దారి ఒకటుంది. ఎవరి వస్తువు విరిగిందో వాళ్ళ చేతికే బాగుచేసే పని వదిలెయ్యడం. చూడ్డానికి చిన్న విషయమే. కానీ మన పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని పెంచే పద్ధతిలో పెద్ద లోటు అక్కడే ఉందని నాకనిపిస్తోంది. ఒక బొమ్మ విమానం మా ఇంట్లో పడ్డ పాట్లు చూశాక ఆ అభిప్రాయం మరీ గట్టిపడింది.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల్లో మా తమ్ముడు హైదరాబాదు నుంచి వస్తూ మేనకోడలికి చుడీదారు బదులు ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో స్పిట్‌ఫైర్ విమానం ఉంది. ఉంది అంటే, ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని యాభై దాకా ముక్కలుగా ఉంది. ఒక్కొక్కటీ కోసి, అంచులు నున్నగా రుద్ది, అతికించి, రంగులేసుకోవాలి. అసలు విమానాన్ని డెబ్భై రెండో వంతుకు కుదించిన నమూనా అది. ఆ లెక్కలో ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం ఉంటాడు. నిజం విమానం ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 11 మీటర్ల పైచిలుకైతే, మా ఇంట్లోది పదిహేనున్నర సెంటీమీటర్లు. జామెట్రీ బాక్సులో చిన్న స్కేలు కంటే రవ్వంత ఎక్కువ.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్ళు నడిపిన యుద్ధవిమానం ఇది. దాంతో మనకూ ఒక చుట్టరికం ఉంది. 1940లో ఇంగ్లండు ఆకాశంలో జరిగిన పోరాటంలో స్పిట్‌ఫైర్లు నడిపిన దళాల్లో 152వ దళం పేరు 'హైదరాబాద్ స్క్వాడ్రన్'. దాని చిహ్నం మీద ఉన్నది నిజాం తలపాగా. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా అమ్మాయికి ఆ పెట్టె మీద ప్రేమ రెట్టింపైంది.

పక్కింటి పిన్నిగారు మాత్రం బుగ్గ నొక్కుకున్నారు. "ఆడపిల్లకి విమానమెందుకమ్మా, ఆ వేళకి నాలుగు కుట్లు నేర్పించరాదూ?" అని. కుట్లు నాకూ ఇష్టమే. కానీ ఆ పనికి కావలసిన చెయ్యి, ఓపికే ఈ పనికీ కావాలని ఆవిడకి నచ్చచెప్పడం నా వల్ల కాలేదు.

మొదటి చిక్కు రెక్కల దగ్గర వచ్చింది. స్పిట్‌ఫైర్ రెక్కలు బల్లపరుపుగా ఉండవు. రెండూ కొసల వైపు ఆరు డిగ్రీలు పైకి లేచి ఉండాలి. జిగురు ఆరేలోపు ఒక రెక్క కిందికి వాలిపోయింది. వెనక నుంచి చూస్తే దెబ్బ తిన్న కాకిలా ఉంది. పైగా రెక్కకీ ఒంటికీ మధ్య సందు. మా వారు కళ్ళజోడు సవరించుకుని, "ఇలా ఇవ్వమ్మా, నేను పెట్టేస్తాను" అంటూ చెయ్యి చాపారు. "మీరు పేపరు చదువుకోండి" అన్నాను. ఆయన నొచ్చుకున్న మాట నిజం.

అప్పుడు ఆదుకున్నది మా అత్తయ్యగారు. ఆవిడకి విమానం గురించి ఏం తెలుసు? కానీ బిందె గురించి తెలుసు. "మా రోజుల్లో బిందె కారితే పారేసేవాళ్ళమటే? మాటు వేయించేవాళ్ళం. మాటు వేసే ముందు చీకటి గదిలో బిందెలో దీపం పెట్టి చూసేవాళ్ళం. వెలుగు ఎక్కడ బయటికొస్తే అక్కడే చిల్లు" అన్నారు. మనవరాలు గబగబా లైటార్పి, టార్చి తెచ్చి రెక్క కింద పెట్టింది. సందు ఎంత మేరకుందో గీత గీసినట్టు కనిపించింది. వాలిన రెక్కని నెమ్మదిగా ఊడదీసి, కోణమానినితో కొలిచి, కింద అగ్గిపెట్టెలు ఆనించి మళ్ళీ అతికించింది. మిగిలిన చట్రం ముక్కల్నే ప్లాస్టిక్ జిగురులో కరగబెట్టి, ఆ ముద్దతో సందు పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్దింది. ఆ పూట ఇంజనీరింగు నేర్పింది ఐదో తరగతితో చదువు మానేసిన నాయనమ్మ.

రెండో చిక్కు పైలట్ కూర్చునే చోట ఉండే అద్దం మూత. తొందరగా పట్టేస్తుందని పిల్ల దాన్ని క్షణాల్లో గట్టిపడే జిగురుతో అతికించింది. తెల్లారేసరికి అద్దమంతా తెల్లటి మసక, పొగమంచు పట్టినట్టు. ఆ రకం జిగురు ఆరేటప్పుడు ఆవిరి లేచి చుట్టుపక్కల ప్లాస్టిక్ మీద పేరుకుంటుంది. గాలిలో తేమ ఉంటే మరీనూ. మా కాకినాడలో తేమకేం కొదవ! పిల్ల కళ్ళనిండా నీళ్ళు. నేను దగ్గరే కూర్చున్నాను కానీ చెయ్యి పెట్టలేదు. కాస్సేపటికి ముక్కు తుడుచుకుని తనే టూత్‌పేస్టు మెత్తటి గుడ్డ మీద వేసుకుని గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టింది. రెండు సాయంత్రాలు పట్టింది. పూర్తిగా కాకపోయినా, లోపలి కుర్చీ కనిపించేంత తేటపడింది. అద్దాలకి తెల్ల జిగురే వాడాలని ఇప్పుడు దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ జిగుర్ల పని కిటికీలు తెరిచి చెయ్యాలనీ, పిల్లలు బ్లేడు పట్టుకున్నప్పుడు పెద్దవాళ్ళు గదిలో ఉండాలనీ తల్లులకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

మూడోది నన్ను నిజంగా భయపెట్టింది. మా మరిది కొడుకు, నాలుగేళ్ళవాడు, చక్రాలున్నాయి కదా అని విమానాన్ని నేలమీద జుయ్యిమని తోశాడు. చక్రం తాలూకు కాలు పుటుక్కుమంది. విరిగినందుకు కాదు నా భయం. మూడు రోజులపాటు ఆ సంగతి మా అమ్మాయి ఎవరికీ చెప్పలేదు. విమానాన్ని బీరువాలో చీరల వెనక దాచేసింది. అడిగితే, "మావయ్య అంత ఖర్చుపెట్టి తెచ్చాడు, పాడుచేశానని అంటారనీ..." అని నసిగింది.

పుల్లంత కాలు విరిగితేనే దాచుకున్న పిల్ల, రేపు అంతకంటే పెద్దది విరిగితే ఎవరికి చెప్పుకుంటుంది? లెక్కల్లో మార్కులు తగ్గితే? స్నేహితురాలి దగ్గర మాట పడితే? మన దగ్గర ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం ఎలాంటి వార్తలు చదువుతామో మీకు తెలుసు. 2019లో తెలంగాణలో ఫలితాలొచ్చాక ఎన్ని ఇళ్ళు గుండెలు బాదుకున్నాయో మరిచిపోయామా? కొన్ని వారాల్లో సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. ఆ సంగతి ఆ పిల్లలకి తెలియక కాదు. కానీ ఒకసారి తప్పిందాన్ని సరిచేసుకోవచ్చన్నది చెవితో విన్న మాటగానే ఉండిపోయింది. వాళ్ళ చేతులకి ఆ అనుభవం లేదు. విరిగినవన్నీ మనం పారేశాం, లేదా మార్చేశాం.

అమెరికాలో రైట్ సోదరుల సంగతే చూడండి. 1903 డిసెంబరు 14న విల్బర్ రైట్ ఎక్కిన విమానం లేచినట్టే లేచి మూడున్నర సెకన్లలో ఇసుకలో కూలబడింది. అన్నదమ్ములు విరిగిన భాగాలు బాగుచేసుకుని 17వ తేదీన మళ్ళీ ఎక్కారు. లోకం గుర్తుపెట్టుకున్నది ఈ 17నే. మధ్యలో చేసిన మరమ్మతు లేకపోతే ఆ తేదీ లేదు.

మా అమ్మాయికి ఈ కథ చెప్పి, విరిగిన కాలు చేతిలో పెట్టాను. అతికిస్తే రెండుసార్లు ఊడిపోయింది. మూడోసారి సూదిని బిరడాలో గుచ్చి పిడిలా పట్టుకుని, రెండు ముక్కల్లోనూ సన్నటి రంధ్రం తొలిచింది. పాత కరెంటు వైరు లోంచి రాగి పోగు ఒకటి లాగి లోపల పెట్టి అతికించింది. ఎముక విరిగితే డాక్టర్లు రాడ్ వేసినట్టు! ఇప్పుడు ఆ కాలే రెండోదానికంటే గట్టిగా ఉంది.

స్కూల్లో ప్రదర్శనకి తీసుకెళ్తే బహుమతి రాలేదు. చూడ్డానికొచ్చిన పెద్దమనిషి "అతుకులు కనిపిస్తున్నాయమ్మా" అన్నారట. బహుమతి వచ్చింది దుకాణంలో చేయించి తెచ్చిన తళతళలాడే నమూనాకి. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. కానీ ప్రదర్శనల్లో మార్కులు వేసేవాళ్ళు ఒక ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది. "ఇందులో ఏది చెడిపోయింది? ఎలా సరిచేశావు?" అని. దానికి జవాబు చెప్పగలిగిన పిల్లే స్వయంగా చేసినట్టు. డబ్బిచ్చి చేయించిన నమూనాకి ఆ కథ ఉండదు.

అసలు స్పిట్‌ఫైర్ చరిత్రలోనే ఒక మరమ్మతు ఉంది. చేసింది ఒక ఆడమనిషి. ఆ విమానం ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే కార్బ్యురేటర్‌లో పెట్రోలు పైకెగసి, ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోయేది. శత్రువు విమానాలకి ఆ బెడద లేదు. ఇంగ్లండులో ఫార్న్‌బరో పరిశోధన సంస్థలో ఇంజనీరుగా ఉన్న బియాట్రిస్ షిల్లింగ్ దీనికి విరుగుడు కనిపెట్టింది. ఏమిటనుకుంటున్నారు? మధ్యలో చిల్లున్న చిన్న ఇత్తడి బిళ్ళ. పెట్రోలు అవసరానికి మించి పొంగకుండా అది ఆపింది. 1941లో తన బృందంతో విమానాశ్రయాలు తిరిగి వాటిని బిగించి వచ్చింది. మెరుగైన కార్బ్యురేటర్ వచ్చేదాకా ఆ బిళ్ళే పని గడిపింది. పద్నాలుగేళ్ళ వయసులో మోటార్‌సైకిల్ కొనుక్కుని దాంతో కుస్తీపట్టిన పిల్లట ఆవిడ. ఆ రోజున ఎవరైనా "ఇటివ్వు, నీకు చేతకాదు" అని ఉంటే?

మనం ఆడపిల్లలకి జాగ్రత్త నేర్పుతాం. పగలకుండా పట్టుకో, చిరగకుండా కట్టుకో, ఒలకకుండా వడ్డించు. మంచిదే. కానీ పగిలాక ఏం చెయ్యాలో నేర్పం. దాంతో పగలడమంటేనే వాళ్ళకి హడలు. హడలిన పిల్ల కొత్త పని మొదలుపెట్టదు. మొదలుపెడితే కదా పాడయ్యేది!

ఇంకో మాట చెప్పకపోతే అపార్థం చేసుకుంటారు. అతికించుకోమంటున్నాను కదా అని, కాపురంలో దెబ్బలు తింటున్న ఆడదానికి "సర్దుకుపో తల్లీ" అని చెప్పే పెద్దల వరసలో నన్ను నిలబెట్టకండి. కాలు అతికించాక ఆ విమానాన్ని మళ్ళీ నేలమీద తోస్తే మళ్ళీ విరుగుతుంది. అందుకే దాన్నిప్పుడు అలమర పైఅరలో పెట్టాం. ఎందుకు విరిగిందో కనుక్కుని ఆ కారణాన్ని ఆపడం మరమ్మతులో మొదటి మెట్టు. తోసే చెయ్యి ఆగకుండా అతుకు మీద అతుకు వేస్తూ కూర్చోవడం మరమ్మతు కాదు.

"అంత తీరికెక్కడిది? చదువులు పోవూ?" అంటారేమో. రోజూ గంట కూడా పట్టలేదు. విమానమే కానక్కర్లేదు. తెగిన చెప్పు, ఊడిన బొత్తాం, తిరగని బొమ్మకారు, చైను ఊడే సైకిలు, మొగ్గలోనే మాడిపోతున్న గులాబీ మొక్క, ఏదైనా సరే. అవి చెడిపోయిన రోజున ఒక పావుగంట మన చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుందాం. "ఎవరది?" బదులు "ఎక్కడ విరిగిందో చూపించు" అందాం. తెలియకపోతే పిల్లతోపాటు మనమూ వెతుకుదాం. కుదిరిన అతుకు వంకరగా ఉన్నా సరే, ఇంటికొచ్చినవాళ్ళకి అదే ముందు చూపిద్దాం.

అతుకు కనిపిస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇక్కడ ఒకసారి విరిగింది, ఎవరో కూర్చుని బాగుచేశారు అని చెప్పే గుర్తు అది. ఆ "ఎవరో" మన పిల్లే అయితే అంతకంటే కావలసిందేముంది? మీరేమంటారు?