మగగొంతుల బృందగానం: వేల్స్ నుంచి న్యూజీలాండ్ దాకా

పురుషుల బృందగానమనగానే సంగీత ప్రపంచానికి గుర్తుకొచ్చేది వేల్స్ అయినా, 1885లో క్రైస్ట్‌చర్చ్‌లో స్థాపితమైన లీడర్‌టాఫెల్, అంటే బల్ల చుట్టూ చేరి పాడుకునే జర్మన్ పురుష సంఘాల నమూనాలో ఏర్పడిన బృందం, మరుసటి ఏడాది డునెడిన్‌లో మొదలైన మరో బృందం నేటికీ పాడుతూ ఉండటం వల్ల, ఈ గానానికి న్యూజీలాండ్‌లోనూ సొంత చరిత్ర ఉందని ఒప్పుకోవలసి వస్తుంది.

వేల్స్‌లో దీనికి ప్రార్థనామందిరమూ బొగ్గుగనీ రెండూ పునాదులు. రోండా లోయలోని ట్రియోర్కీ బృందం 1883 నాటిది. పియానో కొనలేని గని కార్మికులకు తోడైంది టానిక్ సోల్‌ఫా. మన సరిగమల్లాగే ఆధారస్వరాన్ని ఎక్కడైనా నిలుపుకోవడానికి వీలిచ్చే ఈ పద్ధతిలో, పాట మాటల పైన డ, ర, మ వంటి స్వరాల తొలి అక్షరాలను అచ్చువేస్తే చాలు, స్వరలిపి గీతలు చదవడం రానివారూ తమ వరసను పట్టుకోగలిగేవారు. మొదటి టెనర్, రెండవ టెనర్, బారిటోన్, బాస్ అనే నాలుగు స్థాయుల్లో పక్కవాడి గొంతు వింటూ తన గొంతును అదుపులో పెట్టుకునే ఆ సాధనే, కచేరీకన్నా మిన్నగా, ఈ సంప్రదాయానికి ప్రాణం.

గనులు మూతపడ్డాక వేల్స్‌లో కొత్త గొంతులు తగ్గిపోయాయి. అలాంటి కొరత రాకుండా న్యూజీలాండ్‌లో బిగ్ సింగ్ అనే బృందగాన ఉత్సవంలో పాల్గొనే ఉన్నత పాఠశాలల బాలురను బడి ముగిశాక ఈ బృందాల వైపు ఎలా మళ్ళించాలన్నదే ఈ సంచిక చర్చకు పెడుతున్న ప్రశ్న.