ముప్పై మూడు ఎందుకు?

మా చిన్నాన్న తాపీ మేస్త్రి. గొంతు బొంగురుపోయి నాలుగు నెలలైనా, చుట్ట మానితే అదే సర్దుకుంటుందన్నారు ఇంట్లోవాళ్లు. చివరికి స్వరతంత్రి మీద చిన్న పుండు, మొదటి దశ క్యాన్సర్ అని తేలింది. కరెంటు (రేడియేషన్) పెడితే నయమవుతుంది, గొంతు కూడా నిలుస్తుందన్నారు డాక్టర్లు. అది నిజమే. స్వరతంత్రుల్లో లింఫు నాళాలు బహు తక్కువ, జబ్బు లింఫు గ్రంథులకు అంత తొందరగా పాకదు. అందుకే మెడంతా కాల్చక్కర్లేదు, అయిదారు సెంటీమీటర్ల చదరం చాలు.

రాసింది మాత్రం 33 సిట్టింగులు, వారానికి అయిదు. దాదాపు ఏడు వారాలు నగరంలో అద్దె గది, కూలి లేదు. మధ్యలో మిషన్ పాడైంది, పండగ సెలవులొచ్చాయి. చేతిలో డబ్బులైపోయి ఒక వారం ఊరెళ్లి వచ్చాడు. వెళ్లొద్దని ఒక్కరూ గట్టిగా చెప్పలేదు!

నాకు ఒళ్లు మండేది ముందుగా ఆ 33 దగ్గరే. జపాన్‌లోని ఒసాకా వైద్యులు ఇలాంటి మొదటి దశ రోగులు 180 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు 2 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), రెండో జట్టుకు 2.25. 33 సిట్టింగుల్లో 66 గ్రే ఇచ్చేచోట 28 సిట్టింగుల్లో 63. మొత్తం మోతాదు తగ్గింది, రోజులూ తగ్గాయి. అయిదేళ్లకు గొంతులో జబ్బు తిరగబెట్టనివాళ్లు మొదటి జట్టులో నూటికి 77 మంది, రెండో జట్టులో 92 మంది. దుష్ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది 2006లోనే అచ్చయింది. ఇప్పటికీ 33 రాసే చెయ్యి ఏ ధైర్యంతో రాస్తోంది?

ఇక మధ్యలో ఆగిన రోజుల సంగతి. మనం ఆపిన రోజు పుండు ఆగదు. మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి, వారాలు గడిచేకొద్దీ మరింత జోరుగా. డెన్మార్క్‌వాళ్లు తల, మెడ క్యాన్సర్లకు వారానికి అయిదు బదులు ఆరు సిట్టింగులు పెట్టి 2003లో ఫలితాలు ప్రకటించారు. స్వరపేటిక క్యాన్సర్ రోగుల్లో గొంతు నిలుపుకున్నవాళ్లు నూటికి 68 నుంచి 80కి పెరిగారు. పెరిగింది మొత్తం మోతాదు కాదు, వారంలో ఒక్క సిట్టింగు!

అందుకే అడుగుతున్నాను. సెలవొస్తే ఆ వారం శనివారం మిషన్ తెరవండి. పాడైతే రోగిని అదే రోజు వేరే మిషన్‌కి పంపండి. లేజరుతో తీసేయగల పుండైతే ఆ దారీ ముందే చెప్పండి. 28తో అయ్యేదానికి 33 రాస్తే, ఎందుకో కాగితం మీద రాసి రోగి చేతికివ్వండి. మా చిన్నాన్నకు ఆ కాగితం ఎవరూ ఇవ్వలేదు.